తాత పుస్తకంలో ఆ పేజీ చింపేది లేదు

పోయిన నెల అవ్వ ఇత్తడి గంగాళం గురించి రాసినప్పుడు, "ఈసారి తాత షెడ్డు గురించి రాయి" అని మైసూరు అత్త, చింతామణి చిన్నాయన ఇద్దరూ అడిగినారు. రాద్దామనే అనుకుంటా ఉండినాను. ఇంత కోపంగా రాయాల్సి వస్తుందని మాత్రం అనుకోలేదు. పెద్దవాళ్ళు ఎవరైనా నొచ్చుకుంటే మన్నించండి. కానీ చదవడం మాత్రం చివరిదాకా చదవండి.

పిల్లల కోసం ముందు కొంచెం చెప్తాను. పుంగనూరు వైపు నుంచి వచ్చిన మన తాత హొసకోటెలో ఓల్డ్ మద్రాస్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని మెకానిక్ పని చేసినాడు. కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు, రాణిపేట మీదుగా మద్రాసు పోయే బండ్లన్నీ మన ఊరు దాటే పోవాలి. ఇప్పుడు తెల్లవారుజామున బిర్యానీ కోసం బెంగుళూరు నుంచి కార్లు బారులు తీరుతున్నాయే, అట్లే ఆ రోజుల్లో రేడియేటర్ కాగిపోయిన బండ్లు తాత షెడ్డు ముందర నిలిచేవి. వాటిలో షోలవరం పోయే బండ్లు కూడా ఉండేవి. మద్రాసు అవతల యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు కార్ల పందేలు నడిపేవాళ్ళు. ఆ పందేల సీజన్ వస్తే తాతకు నిద్ర ఉండేది కాదని అవ్వ చెప్పేది.

తాత దగ్గర ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగు లెక్కల పుస్తకం ఒకటి ఉండింది. ఏ బండి వచ్చింది, నంబరు ఏమి, ఏం పని చేసినాడు, ఎంత తీసుకున్నాడు అన్నీ తెలుగులో రాసుకున్నాడు. 1958 నుంచి 1974 దాకా ఉంది. ఇన్నాళ్ళూ అది అటక మీద బియ్యం డబ్బా వెనక పడి ఉండింది. ఇప్పుడు దానికి బేరం వచ్చింది.

దసరా ముందర బెంగుళూరు నుంచి ఇద్దరు పిల్లగాళ్ళు వచ్చినారు. బాగా చదువుకున్నవాళ్ళు, మర్యాదస్తులు. వాళ్ళు వెతుకుతా ఉండేది ఒక ఎం.జి. కారు చరిత్ర. టి.సి. అనే మోడలు. ఇంగ్లండులో ఆబింగ్డన్ అనే ఊర్లో 1945 నుంచి 1949 దాకా చేసినారు. రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు, సన్నని పెద్ద చక్రాలు. పదివేల దాకా చేసిన కార్లలో మన దేశానికి వచ్చినవి కొన్నే, మిగిలినవి ఇంకా తక్కువ. ఆ కారుకు మొదట ఎవరు ఓనరు, తర్వాత ఎవరు, ఎప్పుడు చేతులు మారింది, పందెంలో పరిగెత్తిందా లేదా అని ముక్కా ముక్కా ఏరుకుంటా తిరుగుతారు వాళ్ళు. పాత ఆర్.సి. బుక్కులు, పెళ్ళి ఫోటోల్లో వెనక కనపడే నంబరు ప్లేట్లు, ఇన్సూరెన్సు కాగితాలు, ఏదీ వదలరు. మైసూరు రాష్ట్రం కాలంలో ఎం.వై. తో మొదలయ్యే నంబర్లు, 1989 తర్వాత కె.ఎ. నంబర్లు, ఏ ప్లేటు ఏ కాలానిదో చూడగానే చెప్పేస్తారు. ఎం.జి. వాళ్ళ చాసిస్ నంబర్లు 251 నుంచి ఎందుకు మొదలవుతాయో కూడా చెప్పినారు. అది ఆ ఫ్యాక్టరీ టెలిఫోన్ నంబరంట! నేను నిజంగా మురిసిపోయినాను.

ఇలాంటి వాళ్ళని ఎగతాళి చేసేవాళ్ళు మన ఇంట్లోనే ఉన్నారు. "పనీపాటా లేక తిరుగుతారు" అని. నేను ఒప్పుకోను. వాళ్ళు లేకపోతే ఈ బండ్లన్నీ ఎప్పుడో శివాజీనగర్ గుజిరిలో కేజీల లెక్కన పోయేవి. కొన్ని పోయినాయి కూడా. వాళ్ళ పని వెనక పెద్ద లెక్కలు కూడా ఉన్నాయి. ఫెరారీ 250 జి.టి.ఓ. అనే కారు 1962-64 మధ్య 36 మాత్రమే చేసినారు. వాటిలో ఒకటి 2018లో అమెరికాలో వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లకు పోయింది. ఆ ధరలో ఇనుము ధర ఎంత? చరిత్రకే ఆ ధర. ఆ చరిత్రలో ఒక్క లంకె తెగితే ఏమవుతుందో కూడా లోకం చూసింది. 2014లో ఇంగ్లండులో వేలానికి వచ్చిన ఫెరారీ 375 ప్లస్ ఒకప్పుడు అమెరికాలో దొంగతనంగా పోయిన బండి. వేలం అయినాక కూడా అది కోర్టుల చుట్టూ తిరిగింది. కాబట్టి ఎవరిది, ఎక్కడిది అని అడగడం పిచ్చి కాదు. అడగాల్సిందే.

ఆ పిల్లగాళ్ళ ముందర పుస్తకం తెరిచినాము. దొరికింది! 1961లో ఒక పేజీ. "ఎం.జి. చిన్న కారు, పచ్చ రంగు" అని తాత రాత. కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో పనిచేసే ఒక ఇంజనీరుది. కింద చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రెండూ ఉన్నాయి. ఆ పిల్లగాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి, అబద్ధం చెప్పడం లేదు. ఫోటో తీసుకున్నారు, అవ్వ ఫోటోకు దండం పెట్టి, టీ తాగి పోయినారు.

మూడు వారాలు గడిచినాక ఇంకొక ఆయన వచ్చినాడు. ఆయన వేరే. తెల్ల కారు, తెల్ల షర్టు, చేతిలో స్టాంపు పేపరు. ఆ కారు ఇప్పుడు అమ్మకానికి వస్తా ఉందంట, అమ్మేవాళ్ళ తరఫున వచ్చినాడంట. కథ ఎట్ల పాకిందో నాకు తెలీదు. ఆయనకు కావాల్సింది రెండు. ఒకటి, 1961 పేజీ అసలు కాగితం. రెండు, "ఈ కారుకు మా షెడ్డులో ఆయిలు మార్చడం, బ్రేకులు చూడడం తప్ప వేరే పని జరగలేదు" అని మన కుటుంబం తరఫున సంతకం. దానికి ఆయన చెప్పిన మొత్తం ఇక్కడ రాయను. వింటే మీలో కొందరికి మనసు మారుతుందని భయం. ఒకరిద్దరికి ఇప్పటికే మారింది.

ఎందుకు అంత డబ్బు? ఎందుకంటే అదే పుస్తకంలో ఇంకొక పేజీ ఉంది. 1966. అప్పటికి బండి బెంగుళూరులో ఒక డాక్టరు చేతికి మారింది. ముళబాగిలు దగ్గర ఇంజిన్ పగిలి, లారీకి కట్టి ఈడ్చుకొచ్చినారు. తాత రాసింది ఇది: బ్లాకు పగిలింది, వెల్డింగు నిలవలేదు, గుజిరికి వేసినాము, 22 రూపాయలు వచ్చింది. దాని కింద: అంబాసిడర్ ఇంజిను ఎక్కించినాము, మధ్య ప్లేటు లేతు పని రెండు రోజులు, సాయిబుకు 15 రూపాయలు.

అర్థమయిందా? ఆ కారు అసలు ఇంజిను 1966లోనే ముద్దయిపోయింది. ఇప్పుడు అమ్మేవాళ్ళు చెప్పేది అసలు ఇంజినే ఉంది, నంబర్లు కలుస్తాయి అని. ఎం.జి. ఇంజిన్ నంబరు ఒక చిన్న ఇత్తడి పలక మీద ఉంటుంది, ఎనిమిది మూలల పలక, రెండు మేకులతో కొట్టి ఉంటుంది. అదే రకం ఇంజిను ఇంకొకటి ఎక్కడో తెచ్చి, తాత పుస్తకంలో నంబరు చూసి పలక చేయించుకుంటే అయిపోయె. ముందు పేజీ సాక్ష్యం, వెనక పేజీ అడ్డం. ఆ పని చేసినారని నేను అనను, నేను చూడలేదు. కానీ ముందు పేజీ కావాలి, వెనక పేజీ వద్దు అని ఒక మనిషి స్టాంపు పేపరు పట్టుకుని వస్తే, అందులో మంచి ఉద్దేశం ఏముంటుందో చెప్పండి.

చిన్నాయన అన్న మాట ఇది: "తాత లేడు, ఆ డాక్టరు లేడు, కొనేవాడు కోటీశ్వరుడు. మనకేం పోతాది రా?" ఇది మన ఇంట్లో సగం మంది మనసులో మాట అని నాకు తెలుసు. అందుకే ఒక్కొక్కటిగా జవాబు చెప్తాను.

మొదటిది. కోటీశ్వరుడిని మోసం చేస్తే అది మోసం కాదా? ఆ మాట తాత ముందర అని ఉంటే స్పానరు పెట్టి కొట్టి ఉండేవాడు. కార్లు ఉన్నవాళ్ళు అందరూ డబ్బున్నవాళ్ళే ఆ కాలంలో. ఒక్కరికి కూడా పాత పార్టు వేసి కొత్తది అని చెప్పలేదు ఆయన. ఆ పేరు మీదే కదా షెడ్డు నడిచింది, మన నాయనలు చదువుకున్నది.

రెండోది. ఆ 1966 పేజీ ఆ కారుకు మచ్చ అని ఎవరు చెప్పినారు? 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసుల తర్వాత, ఇక్కడ కార్లు తయారుచేసే ఉద్దేశం లేని కంపెనీలకు దారి మూసుకుపోయింది. ఫోర్డు, జనరల్ మోటార్స్ లాంటివే మూటాముల్లె సర్దుకుని పోయినాయి. బయటి బండ్లు, బయటి పార్టులు తెప్పించుకోవడం అయ్యే పని కాదు. ఒక ఎం.జి. ఇంజిన్ బ్లాకు పగిలితే 1966లో హొసకోటెలో ఏం చేస్తారు? రెండే దారులు. ఒకటి, బండి మొత్తం గుజిరికి. రెండు, మన తాత చేసింది. ఇంకొక తమాషా ఏమంటే, ఆ అంబాసిడర్‌లో ఉండే 1489 సీసీ ఇంజిను, ఎం.జి. కంపెనీనే తర్వాత చేసిన ఎం.జి.ఎ. అనే స్పోర్ట్స్ కారులో ఉండేదీ ఒకే వంశం. అంటే తాత పరాయి గుండె పెట్టలేదు, దాయాదుల ఇంటి గుండె పెట్టినాడు! ఆ సంగతి ఆయనకు తెలుసో లేదో. పని తెలుసు.

మూడోది, అసలుది. "మార్పులు జరిగితే అసలు కారు కాదు" అనే మాట చట్టం ముందర కూడా నిలవలేదు. బెంట్లీ వాళ్ళ ఓల్డ్ నంబర్ వన్ అనే రేసు కారు 1929లో, 1930లో రెండు సార్లు లె మాన్ పందెం గెలిచింది. తర్వాత దానికి చాసిస్ మార్చినారు, ఇంజిన్ మార్చినారు, బాడీ మార్చినారు. 1932లో బ్రూక్‌లాండ్స్‌లో ప్రమాదం అయ్యింది, మళ్ళీ కొత్త బాడీ వేసినారు. చాలా ఏళ్ళ తర్వాత ఒక కంపెనీ దాన్ని కోటి పౌండ్లకు కొంటానని ఒప్పుకుని, ఇది అసలు కారు కాదని వెనక్కి తగ్గింది. 1990లో లండన్ హైకోర్టులో జస్టిస్ ఒటన్ తీర్పు చెప్పినాడు. 1929లో గెలిచిన బండి భాగాలు దాదాపు ఏవీ మిగల్లేదని ఒప్పుకున్నాడు. అయినా అది ఓల్డ్ నంబర్ వన్నే అన్నాడు. ఎందుకంటే ఎప్పుడూ అది ఒక బండిగా ఉంటూనే, మారుతూ వచ్చింది. ఎక్కడా ఆగిపోయి, ఇంకొకచోట కొత్తగా పుట్టలేదు. అమ్మినాయనే గెలిచినాడు.

గమనించండి, ఆ కేసులో ఆ కారును నిలబెట్టింది మార్పుల లెక్కే. ఏ సంవత్సరం ఏం మార్చినారో దాచి ఉంటే, ఆ తీర్పుకు ఆధారమే ఉండేది కాదు. పాత వాహనాల సంఘాల ప్రపంచ సమాఖ్య ఫీవా కూడా 2012లో టురిన్ చార్టర్ అని ఒక ఒప్పందం చేసుకుంది. బండి వాడుకలో ఉన్నప్పుడు జరిగిన మార్పులు కూడా దాని చరిత్రలో భాగమే అని దాని సారాంశం. అంటే లోకంలో పెద్ద పెద్దవాళ్ళు ఒప్పుకున్న సంగతిని, హొసకోటెలో తాత ఎర్ర పుస్తకం 1966లోనే చేసి చూపించింది.

అట్లయితే ఎందుకు దాస్తారు? దానికి మన చట్టం కూడా ఒక కారణం, అది కూడా చెప్పాలి. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు కొత్త రూల్సు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన బండ్లకు వి.ఎ. అనే అక్షరాలతో వేరే నంబరు, కొత్త రిజిస్ట్రేషన్ 20,000 రూపాయలు, తర్వాత మళ్ళీ చేసుకోవాలంటే 5,000. మంచిదే, పాత బండ్లకు ఒక గుర్తింపు వచ్చింది. కానీ అందులోనే, చాసిస్ గానీ బాడీ గానీ ఇంజిన్ గానీ మార్చి ఉండకూడదు, అసలు రూపంలో ఉండాలి అని పెట్టినారు. పార్టులే దొరకని దేశంలో, లేతు మీద చెక్కి బతికించిన బండ్లకు ఈ రూలా? బండిని బతికించిన పని తప్పు పని అయ్యింది. నిజం చెప్పినవాడు నష్టపోతాడు, పలక కొట్టించుకున్నవాడు దర్జాగా ర్యాలీలో తిరుగుతాడు. ఆ రూలు రాసినవాళ్ళు ఒక్క పూట ఏ పాత మెకానిక్ దగ్గరైనా కూర్చుని ఉంటే బాగుండేది.

ఇంకొక మాట ఆ మర్యాదస్తులైన పిల్లగాళ్ళకు కూడా. మీరు మంచివాళ్ళు, మీ మీద కోపం లేదు. కానీ మీ పట్టికలు చూసినాను. మొదటి ఓనరు, రెండో ఓనరు, మూడో ఓనరు. మహారాజు అయితే పెద్ద అక్షరాల్లో. బండి ఓనరు చేతిలో ఉండేది ఆదివారం ఒక్కరోజు. మిగతా ఆరు రోజులు డ్రైవరు చేతిలో, మెకానిక్ చేతిలో. వాళ్ళ పేర్లకు మీ పట్టికలో గడి ఏది? హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూసొచ్చిన మనవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ బండి నిజాందని అందరూ చెప్తారు. దాన్ని నడిపిన డ్రైవరు ఎవరని ఒక్కరైనా అడిగినారా? నేను కూడా అడగలేదు, అది నా తప్పే.

తప్పు మన ఇంట్లో కూడా ఉంది. తాత పుస్తకంలో "సాయిబుకు 15 రూపాయలు" అని ఉంది. ఆ ప్లేటు చేసినాయన శివాజీనగర్ నుంచి వచ్చేవాడంట, రెండు రోజులు మన షెడ్డులోనే ఉండి, అవ్వ పెట్టిన ముద్ద తిని పని చేసినాడంట. అంబాసిడర్ ఇంజిను ఎం.జి. గేరుబాక్సుకు కలవడమే ఆ ప్లేటు వల్ల. ఆయన పేరు తాత రాయలేదు. ఊరికే సాయిబు. తన పేరు ఎవరూ రాయలేదని నేను ఇంత గొంతు చించుకుంటా ఉన్న మన తాతే, ఇంకొకరి పేరు రాయలేదు. ఇది రాస్తా ఉంటే నాకు సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇష్టం లేని పేజీ దాచేస్తే ఆ స్టాంపు పేపరాయనకూ మనకూ తేడా ఏముంటుంది?

"పిల్ల పెళ్ళి ఉంది, ఇంటి కప్పు కారుతా ఉంది" అన్నారు ఒకరు. నిజమే, కాదనను. అవసరం అబద్ధం కాదు. ఆ షెడ్డుకు లేతు కొనడానికి అవ్వ గాజులు కుదువ పెట్టిన రోజున కూడా అవసరం ఉండింది. ఆ లేతు మీద చేసిన పని ఇది. అవ్వ గాజులు కూడా ఆ కారు చరిత్రలో ఉన్నాయి, ఏ వేలం పుస్తకంలోనూ రాకపోయినా. ఇప్పుడు ఆ పని జరగనే లేదని మనమే సంతకం పెడితే, గాజులు కూడా పెట్టలేదని పెట్టినట్టే. పెళ్ళికి నేను చేయగలిగింది చేస్తాను, పెద్దనాయన కూడా ఒప్పుకున్నాడు. ఆ డబ్బు మాత్రం మన ఇంటికి వద్దు.

నేను చేసింది చెప్తాను. పుస్తకం మొత్తం, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, మన పిల్లలు స్కాను చేసినారు. 1961 పేజీ అడిగినవాళ్ళకు 1966 పేజీ కూడా కలిపే ఇస్తాము, విడిగా ఇచ్చేది లేదు. ఆ ఇద్దరు పిల్లగాళ్ళకు రెండూ పంపినాను. కొనేవాళ్ళు ఎవరైనా నేరుగా వచ్చి చూడొచ్చు, టీ పోస్తాము, డబ్బు తీసుకోము. అసలు పుస్తకం ఇల్లు దాటదు. స్టాంపు పేపరాయనకు ఫోనులో ఈ మాటే చెప్పినాను. "మీకు లోకజ్ఞానం లేదు సార్" అన్నాడు. లేకపోనీ.

ఇంక మీ పని. మీ ఇళ్ళల్లో అటకల మీద, ట్రంకు పెట్టెల్లో పాత ఆర్.సి. బుక్కులు, లైసెన్సులు, షెడ్డు ముందర దిగిన ఫోటోలు ఉంటే గుజిరికి వేయొద్దండి. ఫోటో వెనక పేర్లు రాయండి, మనవాళ్ళవే కాదు, పక్కన నూనె గుడ్డ పట్టుకుని నిలబడిన పిల్లవాడిది కూడా. ముళబాగిలు, కోలారు వైపు ఉండే మన చుట్టాల్లో ఎవరికైనా ఆ లేతు సాయిబు పేరు గుర్తుంటే, లేదా ఆయన పిల్లలు ఎక్కడున్నారో తెలిస్తే, వెంటనే చెప్పండి. తాత రాయని ఆ పేరును స్కాను చేసిన పేజీ కింద మనం రాసిపెడదాము. మనం రాసిందని, ఏ సంవత్సరం రాసినామో కూడా పక్కనే రాసి.